ఇంటి పంట: మట్టి లేని పెరడు – మొదట ఒక్క పెట్టె చాలు!

మట్టి లేకుండా మొక్క పెంచని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారంటారా? టీవీ పక్కన సీసాలో మనీప్లాంటు, వంటింటి కిటికీలో గ్లాసు మీద కూర్చోబెట్టిన ఉల్లిపాయ, మొలకెత్తిందని పారెయ్యబుద్ధి కాక నీళ్ళలో పెట్టిన చిలగడదుంప... ఇవన్నీ మనం ఎప్పటినుంచో చేస్తున్నవే. 'హైడ్రోపోనిక్స్' అని నోరు తిరగని పేరు వినగానే ఇదేదో పెద్ద సైన్సు, మనవల్ల కాదు అనుకుంటాం. కానీ దాని మొదటి పాఠం మన కిటికీ గట్టు మీదే ఉంది.

అయితే మనీప్లాంటుకీ పాలకూరకీ ఒక తేడా ఉందండీ. మనీప్లాంటు నిదానంగా పెరుగుతుంది కనుక ఉత్త నీళ్ళతో నెట్టుకొస్తుంది. పాలకూర అలా కాదు. నెల తిరిగేసరికి కూరకి సరిపడా ఆకు ఇవ్వాలి. దానికి తిండి కావాలి, వేళ్ళకి గాలి కావాలి. ఈ రెండు సంగతులూ సరిగ్గా తెలియక నేను రెండుసార్లు చేతులు కాల్చుకున్నాను. మీరూ కాల్చుకోకూడదనే ఈ వారం ఈ ముచ్చట.

చేతులు కాలిన కథ

మేముండేది హైదరాబాదులో, నాలుగో అంతస్తులో. తూర్పు వైపు చిన్న బాల్కనీ. బట్టలారేసే తీగలు పోను ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చునేంత చోటు. మావయ్యగారు పోయాక కోనసీమలో ఇల్లు అమ్మేసి అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. అక్కడ ఆవిడకి పెద్ద పెరడు. బచ్చలి పందిరి, గోంగూర మడి, అరటి బోదెలు... సగం రోజు పెరట్లోనే గడిచేది. ఇక్కడికొచ్చాక బాల్కనీలో కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కింద రోడ్డు చూస్తూ కూర్చునేవారు. "ఏం తోచడం లేదా అత్తయ్యగారూ?" అంటే "బాగానే ఉందమ్మా" అనేవారు. ఆ 'బాగానే' వింటే నాకు బాగుండేది కాదు.

కుండీలు పెడదామంటే బరువనీ, కింది ఫ్లాటులోకి బురదనీళ్ళు కారతాయనీ అసోసియేషన్ వాళ్ళ అభ్యంతరం. అటువంటప్పుడు ఒక ఎగ్జిబిషన్‌లో నిలువు స్తంభంలాంటి హైడ్రోపోనిక్ టవరు చూశాను. ముప్ఫై ఆరు కన్నాలు, కింద తొట్టి, అందులో మోటారు. "మట్టి లేదు, చాకిరీ లేదు మేడమ్, కోసుకోవడమే!" అన్నాడు అమ్మే కుర్రాడు. ఇంటిఖర్చుల్లోంచి మిగిల్చి పోపులడబ్బాలో దాచుకున్న ఆరువేల రూపాయలు తీసి కొనేశాను.

ఇరవై రోజులు కన్నులపండుగ్గా ఉంది. ఆ తర్వాత రాజమండ్రిలో పెళ్ళికని అందరం వెళ్ళాం. రెండు రాత్రులు ఉండి తిరిగొచ్చేసరికి మోటారు ఆగిపోయి ఉంది. కరెంటు పోయిందో, ప్లగ్గు వదులైందో తెలియదు. ముప్ఫై ఆరు మొక్కలూ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. అలాంటి టవరులో వేళ్ళు నీళ్ళలో మునిగి ఉండవండీ. మోటారు పైకి తోసిన నీరు వాటి మీదుగా జారుతుంటేనే వాటికి ప్రాణం. ఎండలో కొన్ని గంటలు ఆగితే చాలు, అంతా అయిపోతుంది. మావారు తిట్టలేదు. "పోనీలే, తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొస్తుంది" అన్నారు. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు!

పట్టుదలకి పోయి, పళ్ళ దుకాణం నుంచి థర్మోకోల్ పెట్టె తెచ్చి, మోటారు అక్కర్లేని పద్ధతిలో మళ్ళీ పాలకూర వేశాను. ఈసారి ఎండిపోనివ్వకూడదని రోజూ పొద్దున్నే చెంబుతో పోసి పెట్టె నిండుగా ఉంచాను. పన్నెండో రోజుకి ఆకులు పసుపెక్కాయి. మూత ఎత్తి చూస్తే వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, జిగటగా, మురుగు వాసన.

అత్తయ్యగారు ఒక మొక్క పైకెత్తి వేరు వాసన చూశారు. "ఊపిరాడక చచ్చిందే అమ్మాయ్!" అన్నారు.

"అదేమిటి అత్తయ్యగారూ, వరి నీళ్ళలోనే ఉంటుంది కదా?" అన్నాను.

"వరి సంగతి వేరు. గోదావరి వచ్చి మన పెరట్లో నీళ్ళు రెండ్రోజులు నిలిస్తే వంగ, బెండ, తోటకూర అన్నీ ఇలాగే కుళ్ళేవి. చేలో వరి మాత్రం నిలబడేది" అన్నారావిడ.

ఆ మాట పట్టుకుని చదివితే అప్పుడు తెలిసింది అసలు కిటుకు. వరి కాడలోనూ వేరులోనూ సన్నని గాలి దారులుంటాయి. ఆకులనుంచి గాలి ఆ దారుల్లో వేళ్ళదాకా దిగుతుంది. పాలకూరకి అంతటి ఏర్పాటు లేదు. దాని వేళ్ళు బయటినుంచే ప్రాణవాయువు పీల్చుకోవాలి. మట్టిలో అయితే రేణువుల సందుల్లో గాలి ఉంటుంది. నీళ్ళలో మనమే ఆ సందు వదలాలి. నేను నిండుగా పోసి ఆ సందు మూసేశాను. ఎండబెట్టి ఒకసారి, ముంచి ఒకసారి చంపానన్నమాట!

అసలు ఇది ఏమిటి?

మట్టి మొక్కకి మూడు పనులు చేసిపెడుతుంది. నిలబెడుతుంది, నీళ్ళు పట్టి ఉంచుతుంది, తిండి అందిస్తుంది. ఆ మూడూ మనం వేరే విధంగా ఏర్పాటు చేస్తే మట్టితో పని లేదు. మొక్కకి కావలసిన ముఖ్య పోషకాలు 17. అందులో మూడు గాలినుంచీ నీటినుంచీ దొరుకుతాయి. మిగిలిన 14 వేళ్ళ ద్వారానే అందాలి. నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం కాస్త ఎక్కువగానూ, ఇనుము, జింకు, బోరాన్ వంటివి చిటికెడు చిటికెడుగానూ కావాలి.

ఇదేమీ నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1699లోనే ఇంగ్లండులో జాన్ వుడ్‌వర్డ్ అనే ఆయన పుదీనా జాతి మొక్కల్ని రకరకాల నీళ్ళలో పెంచి చూశాడు. స్వచ్ఛమైన నీళ్ళలో కన్నా కాస్త మట్టి కలిసిన నీళ్ళలో అవి బాగా పెరిగాయి. 1860ల్లో జర్మనీ శాస్త్రజ్ఞులు జాక్స్, క్నాప్ ఏయే లవణాలు కలిపితే మొక్క పెరుగుతుందో లెక్క తేల్చారు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన గెరికె నీళ్ళలో టమాటాలు పండించి, 1937లో ఈ పద్ధతికి 'హైడ్రోపోనిక్స్' అన్న పేరు వాడుకలోకి తెచ్చాడు. మన దేశంలో 1940ల్లో కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ప్రయోగాలు చేసి, 'బెంగాల్ పద్ధతి' పేరుతో పుస్తకమే రాశాడు. గ్రీకు భాషలో 'హైడ్రో' అంటే నీరు, 'పోనోస్' అంటే శ్రమ. చూశారా, పేరులోనే చాకిరీ ఉంది! చాకిరీ లేదని చెప్పి ఎవరైనా అమ్మబోతే నమ్మకండి.

ఇప్పుడు మనం చేయబోయేది హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. మోటారు లేదు, కరెంటు లేదు. మొక్క నీళ్ళు తాగినకొద్దీ పెట్టెలో మట్టం తగ్గుతుంది. తగ్గిన చోట గాలి చేరుతుంది. పై వేళ్ళు గాలి పీలుస్తాయి, కింది వేళ్ళు నీళ్ళు తాగుతాయి. కిటుకంతా అదే.

ముందు పుదీనాతో చెయ్యి తిప్పుకోండి

పెట్టె జోలికి వెళ్ళేముందు ఒక వారం ఈ పని చేయండి. కూరలబండి దగ్గర కొన్న పుదీనా కట్టలోంచి లేతగా, ఆరోగ్యంగా ఉన్న నాలుగు కొమ్మలు తీయండి. కింది ఆకులు గిల్లేసి కణుపు కింద కోసి, సీసాలో రెండంగుళాల నీళ్ళు పోసి పెట్టండి. ఆకులు నీళ్ళలో మునగకూడదు, మునిగితే కుళ్ళుతాయి. సీసాకి బయట కాగితం చుట్టండి. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లని వేళ్ళు దారాల్లా వస్తాయి. బచ్చలి, పొన్నగంటి కొమ్మలు కూడా ఇలాగే వేళ్ళు పోస్తాయి. ఆ తెల్లని వేరు ఎలా ఉంటుందో ఒకసారి కళ్ళారా చూస్తే, చెడ్డ వేరు ఏదో ఎవరూ చెప్పక్కర్లేదు.

కావలసిన వస్తువులు

మూత గట్టిగా పట్టే థర్మోకోల్ పెట్టె – 1 (జానెడు లోతు, 12 లీటర్ల నీళ్ళు పట్టేది)
లోపల పరవడానికి దళసరి నల్ల పాలిథిన్ షీటు – 1
రెండంగుళాల జాలీ కప్పులు – 4 (ప్లాస్టిక్ టీ కప్పులకి అడుగునా పక్కలా కన్నాలు పెట్టినా సరే)
కొబ్బరి పొట్టు – 4 గుప్పెళ్ళు (నర్సరీలో కోకోపీట్ అని అడగండి)
పాలకూర విత్తనాలు – ఒక చెంచా
హైడ్రోపోనిక్స్ పోషకాలు – 'ఎ', 'బి' సీసాల జత
చీపురుపుల్ల – 1
పాత పలచని నూలుగుడ్డ ముక్కలు

పెట్టెకి బదులు మూత ఉన్న ముదురురంగు ప్లాస్టిక్ బకెట్టు కూడా పనికొస్తుంది. పెయింటు డబ్బాలు, పురుగుమందుల డబ్బాలు మాత్రం ఎంత కడిగినా వద్దు. తినే ఆకు పెంచుతున్నాం, మరవకండి.

చేసే విధానం

కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. బియ్యం కడిగినట్టు రెండు మూడు నీళ్ళు పోసి కడిగి పిండండి. పాలకూర విత్తనాలు రాత్రి నానబెట్టండి. గరుకుగా ఉండే ఆ ఒక్కో గింజా నిజానికి రెండు మూడు విత్తనాల గుత్తి. అందుకని కప్పుకి మూడు గింజలు చాలు. కడిగిన పొట్టు కప్పుల్లో వదులుగా నింపి, అరంగుళం లోతున విత్తి, పళ్ళెంలో పెట్టి తడి ఆరకుండా చూసుకోండి. వారం పది రోజుల్లో మొలకలు వస్తాయి. రాగానే వెలుతురున్న చోట పెట్టండి, లేకపోతే సన్నగా సాగి పడిపోతాయి. కప్పుకి రెండు మంచి మొలకలు ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్కవాటి వేళ్ళు కదులుతాయి.

ఈలోగా పెట్టె తయారు చేసుకోండి. లోపల నల్ల షీటు పరచండి. థర్మోకోల్ ఒక్కోసారి కారుతుంది, వెలుతురు కూడా లోపలికి వస్తుంది. వెలుతురు తగిలితే పోషకాల నీళ్ళలో నాచు పడుతుంది. మన మొక్కకి పెట్టిన తిండి అది తినేస్తుంది. మూత మీద కప్పు అంచు పెట్టి గీసి, గీతకి కాస్త లోపలగా చాకుతో కోయండి. కప్పు పైఅంచు మూతకి ఆనుకుని వేలాడాలి, లోపలికి జారిపోకూడదు. జానెడు ఎడంలో నాలుగు కన్నాలు చాలు. ఒక మూల చీపురుపుల్ల పట్టేంత చిన్న కన్నం కూడా పెట్టండి.

మొలకకి రెండు జతల అసలు ఆకులు వచ్చి, కప్పు అడుగున వేరు తొంగిచూసినప్పుడు పెట్టెలోకి మార్చాలి. పెట్టెలో నీళ్ళు పోసి, సీసా మీద రాసిన మోతాదులో సగం మాత్రమే కలపండి. ముందు 'ఎ' వేసి బాగా కలియబెట్టాక 'బి' వేయండి. రెండు చిక్కటి మందులూ నేరుగా ఒకదానిలో ఒకటి పొయ్యకూడదు. కాల్షియం, గంధకం, భాస్వరం కలిసి తెల్లటి సుద్దలా అడుగున పేరుకుపోతాయి. పాలలో నిమ్మకాయ పిండినట్టే! ఆ సుద్ద మొక్కకి అందదు. రెండు సీసాలు విడివిడిగా అమ్మడానికి కారణం అదే.

మొదట నీళ్ళ మట్టం కప్పు అడుగు అరంగుళం మునిగేంత ఉండాలి. వారం పది రోజుల్లో వేళ్ళు కిందికి దిగుతాయి. ఆ తర్వాత నీళ్ళు తగ్గుతుంటే కంగారుపడి పొయ్యకండి, తగ్గనివ్వండి. అలా తేలిన పై వేళ్ళు నూగు నూగుగా తయారవుతాయి. అవే గాలి పీల్చే వేళ్ళు. వాటిని మళ్ళీ ముంచితే నా రెండో పెట్టె గతే.

చీపురుపుల్ల ఎందుకంటారా? మొదటిరోజు మట్టం దగ్గర ఒక గాటు, దానికి సగం ఎత్తులో ఇంకో గాటు పెట్టుకోండి. రోజూ దించి చూడండి. నీళ్ళు రెండు వేళ్ళ లోతుకి వచ్చినప్పుడు, సగం గాటుదాకా మాత్రమే కొత్త పోషకాల నీళ్ళు పోయండి. అంతకు మించి ఒక్క గ్లాసు కూడా వద్దు.

విత్తిన నలభై, నలభై అయిదు రోజులకి మొదటి కోత వస్తుంది. బయటి పెద్ద ఆకులు తుంచుకుని, మధ్య మొవ్వ వదిలేయండి. మళ్ళీ చిగురుస్తుంది. రెండు మూడు కోతలయ్యాక పెట్టె ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, ఎండబెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. మిగిలిన నీళ్ళు రెండింతలు మామూలు నీళ్ళు కలిపి పూలకుండీలకి పోయవచ్చు.

మీ ఇంటి నీళ్ళు ఎలాంటివి?

వంటకి ఉప్పెలాగో దీనికి నీళ్ళు అలాగ. వేణ్ణీళ్ళ గిన్నెకి తెల్లటి పొర కట్టే బోరునీళ్ళలో అప్పటికే కాల్షియంతో సహా లవణాలు ఎక్కువ. వాటిమీద మళ్ళీ పోషకాలు వేస్తే ఎక్కువైపోతుంది. కుళాయి నీళ్ళయితే బకెట్లో ఒక రాత్రి మూత లేకుండా ఉంచి వాడండి. వాననీళ్ళు దొరికితే మహాభాగ్యం. బోరునీళ్ళు తప్ప గతి లేనివాళ్ళు సగానికి సగం ఫిల్టరు నీళ్ళు కలుపుకోవచ్చు. ఆర్.ఓ. ఫిల్టరు బయటికి వదిలేసే నీళ్ళు మాత్రం వాడకండి. ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. ఏసీ కారే నీళ్ళు కూడా తినే మొక్కలకి వద్దు. లోపలి లోహపు గొట్టాల మీదుగా, దుమ్ము మీదుగా వస్తాయవి.

పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుంటే సుఖం. పోషకాలు కలిపాక చిన్న మొక్కలకి 400–500 పీపీఎం, పెద్దయ్యాక 800–1,000 పీపీఎం ఉంటే ఆకుకూరలకి సరిపోతుంది. నీళ్ళ పులుపుదనం కొలిచే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. చవకలో దొరికే చుక్కలమందు రంగు చూసి ఇది తెలుసుకోవచ్చు. పీహెచ్ ఎక్కువైతే నీళ్ళలో ఇనుమున్నా మొక్క తీసుకోలేదు. లేతాకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే అదే గుర్తు. ముదురాకులు పసుపెక్కితే నత్రజని చాలలేదు. ఆకు అంచులు మాడితే తిండి ఎక్కువైందేమో చూడండి, కాసిని మంచినీళ్ళు కలిపి పలచన చేయండి.

ఇవి చేయకండి

పులిసిన మజ్జిగ, బియ్యం కడిగిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోద్దామని మనకి చెయ్యి లాగుతుంది. మట్టిలో అయితే కోట్ల సూక్ష్మజీవులు వంటవాళ్ళలా కూర్చుని వాటిని మొక్క తినగలిగేట్టు వండిపెడతాయి. మన పెట్టెలో ఆ వంటవాళ్ళు లేరు. వండిన అన్నమే వడ్డించాలి. మజ్జిగ పోస్తే కుళ్ళి కంపు కొడుతుంది, వేళ్ళకి గాలి అందదు.

ఎరువుల దుకాణంలో దొరికే 19:19:19 చవక కదా అని వాడదామనుకోకండి. అందులో నత్రజని చాలా భాగం యూరియా రూపంలో ఉంటుంది. అది మారి మొక్కకి పనికిరావాలంటే మళ్ళీ ఆ మట్టిలోని జీవులే కావాలి. పైగా అందులో కాల్షియం ఉండదు.

ఇంకొక మాట, చాలా ముఖ్యం. పొడి రూపంలో కొనే కాల్షియం నైట్రేటు చూడ్డానికి సగ్గుబియ్యంలా ఉంటుంది. మెగ్నీషియం సల్ఫేటు అచ్చం పంచదారే! పొరపాటున కూడా వంటింటి అలమారలో పెట్టవద్దు. పేరు రాసిన చీటీ అంటించి, పిల్లలకి అందకుండా పెట్టండి. కొలిచే చెంచా, గ్లాసు విడిగా ఉంచండి.

దోమలున్నాయి జాగ్రత్త!

నిలవ ఉన్న శుభ్రమైన నీళ్ళంటే డెంగీ దోమకి పుట్టింటితో సమానం. వారం పదిరోజుల్లో గుడ్డు దోమై ఎగిరిపోతుంది. మనింట్లో పాలకూర పెంచి పక్కింటి పిల్లాడికి జ్వరం తెప్పించకూడదు కదా! మూత సందు లేకుండా ఉండాలి. కప్పుల చుట్టూ సందుంటే గుడ్డముక్కలు కుక్కండి. పుల్ల కన్నానికి కూడా గుడ్డ బిరడా పెట్టండి. వారానికోసారి మూత ఎత్తి టార్చి వేసి చూడండి. చిన్న పురుగులు నీళ్ళలో మెలికలు తిరుగుతూ కనిపిస్తే నీళ్ళన్నీ పారబోసి, పెట్టె లోపల రుద్ది కడిగి, కొత్త నీళ్ళు సగం గాటుదాకానే పోయండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. పాలకూర, కొత్తిమీర, మెంతికూర సుఖంగా వస్తాయి. రోజుకి నాలుగైదు గంటల ఎండ కావాలి. తూర్పు బాల్కనీ పొద్దుటి ఎండ శ్రేష్ఠం. రోహిణి కార్తెకి రోళ్ళే పగులుతాయంటారు, ఇక మన థర్మోకోల్ పెట్టె ఎంత! నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, వేరుకుళ్ళు పట్టుకుంటుంది. వేసవిలో పెట్టె చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, మధ్యాహ్నం నీడపట్టున పెట్టి, బచ్చలి, తోటకూర, గంగవాయలకూర వంటి ఎండకి తట్టుకునేవే వేసుకోండి. లేదా రెండు నెలలు సెలవిచ్చేయండి. తప్పేమీ లేదు.

ఇరుగుపొరుగు అడిగిన ప్రశ్నలు

"మందునీళ్ళలో పెరిగిన ఆకు తినవచ్చా?" అని కింది ఫ్లాటు పిన్నిగారు అడిగారు. తినవచ్చు. పశువుల ఎరువు వేసినా చివరికి మొక్క అందులోంచి తీసుకునేది ఇలాంటి లవణాలనే. మోతాదు మించకూడదు, ఆకు కడిగి వండుకోవాలి, అంతే. కానీ దీన్ని సేంద్రియ పంట అని మాత్రం చెప్పుకోకూడదు.

"టమాటా, మిర్చి రావా?" అన్నది ఎదురింటి అమ్మాయి. వస్తాయి. కానీ వాటికి పెద్ద తొట్టి, ఎక్కువ ఎండ, ఊతకర్ర, పూతకి వచ్చాక వేరే పాళ్ళలో తిండి కావాలి. ఆకుకూర చేతికి వచ్చాక ఆ ముచ్చట.

"ఊరెళ్తే ఎలా?" అన్నారు ఇంకొకరు. మోటారు లేదు కనుక భయం లేదు. పుల్ల దించి చూసి, అవసరమైతే సగం గాటుదాకా పోసి వెళ్ళండి. చలికాలంలో వారం రోజులు నిశ్చింతగా ఉండవచ్చు.

"పేనుబంక పడితే?" నీళ్ళు గట్టిగా చిమ్మి కడగండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆ పైన వారం రోజులు ఆకు కోయకండి.

చివరికి లెక్క

నిజం చెప్పాలి కదా! ఒక్క పెట్టెతో కూరల ఖర్చు తగ్గదు. నాలుగు కప్పుల పాలకూర ఒక కోతకి ఒక పూట పప్పులోకి వస్తుంది. ఆకుకూరల బండికి మనం సెలవు చెప్పలేం. కానీ నేర్చుకోవడానికి అయ్యే నష్టం కూడా ఒక్క పెట్టె నష్టమే. నాలాగా ముందే ఆరువేలు పెట్టి, ముప్ఫై ఆరు కన్నాలతో మొదలుపెట్టకండి. ఒక పెట్టెలో వరసగా రెండు పంటలు తీశాక, ఇంకా సరదా ఉంటే రెండో పెట్టె పెట్టండి. టవరు సంగతి ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.

మా ఇంట్లో మూడో ప్రయత్నంలో తీసిన మొదటి కోత అత్తయ్యగారి చేతిలో పెట్టాను. ఆ పూట వంట నన్ను చేయనివ్వలేదు. పప్పు ఆవిడే వండి, ఇంగువ పోపు పెట్టి అందరికీ వడ్డించారు. "కాస్త చప్పగా ఉందే ఆకు, మన ఊరి మట్టి రుచి రాలేదు" అంటూనే రెండోసారి వేసుకున్నారు.

ఇప్పుడు మా బాల్కనీలో మూడు పెట్టెలు. పొద్దున్నే కాఫీ తాగగానే పుల్ల దించి మట్టం చూసే పని ఆవిడదే, ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు. మొన్న ఆడపడుచు ఫోన్ చేసి పది రోజులు తన దగ్గరికి రమ్మంటే "పెట్టెలో నీళ్ళు ఎవరు చూస్తారే?" అన్నారు. నేను చూస్తానని మాటిస్తే గానీ బయలుదేరలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "సగం గాటు దాటి పొయ్యకు సుమా!" అని నాకే చెప్పారు.

ఈ వారం పుదీనా కట్ట కొన్నప్పుడు నాలుగు కొమ్మలు పక్కన పెట్టండి. మిగతాది పచ్చడి చేసేసుకోండి. వచ్చే వారం కొత్తిమీర గింజ రెండుగా నలిపి ఎందుకు వేయాలో, నీళ్ళలో దాన్ని ఎలా పెంచాలో చెప్పుకుందాం.